రెండు పెట్టమన్నాడు

మా చెల్లెలు చనిపోయేముందు జమ్మలమడుగులో తన మగ్గం మీద పడుగు, అంటే చీర నిలువు పోగులు, అతికి పోయింది. మగ్గం మీదున్న పాత పోగుల కొసలకు కొత్త పట్టుపోగులు ఒక్కొక్కటీ వేళ్లతో మెలిపెట్టి కలపడం మా వైపు ఆడవాళ్ల పని. ముదురు నీలం, అంచుకు పసుపు. రంగులు ఆమే ఎంచింది. అంచు డిజైనూ ఆమే కంప్యూటర్‌లో గీసింది. దాన్నిబట్టి మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టించాలి, వాటిని చూసే మగ్గం అంచు నేస్తుంది. కొట్టించకముందే పోయింది. ఆ ఒక్క చీర నేసి ఇంట్లో దాచుకుంటానని ఆమె భర్త, మా బావ, పట్టు ఇచ్చి కూలికి నేయించుకునే సావుకారును బతిమాలి మగ్గాన్ని అలాగే ఉంచాడు.

ఆమె గీసే ప్రోగ్రామ్ పాతకాలంది. కొత్త కంప్యూటర్లలో తెరుచుకోదు. అందుకని కొత్తదాని లోపలే పాత కంప్యూటరొకటి ఉన్నట్టు నేనే ఏర్పాటు చేశాను. వర్చువల్ మెషీన్ అంటారు. నాకెవరూ నేర్పలేదు. అయిదో తరగతిలో బడి మానేసి, ప్రొద్దుటూరులో రేడియోలు విప్పుతూ, చెడగొట్టి బాగుచేసుకుంటూ నేర్చుకున్నవాణ్ని. ఆ లోపలి యంత్రానికి మెమరీ ఎంతో మనమే చెప్పాలి. అంకెకొక గడి, పక్కన కొలతకొక చిన్న గడి. ఎంబీయా, జీబీయా అని. వెయ్యికి పైగా ఎంబీలు కలిస్తే ఒక జీబీ. అంత తేడాను అంత చిన్న గడిలో పెట్టినవాణ్ని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. నేను ఎంబీల్లో అయిదువందల పన్నెండు పెట్టి వచ్చాను.

నేను కంటి ఆపరేషన్ చేయించుకుని పడుకున్న రోజుల్లో, అట్టల కోసం అంచు తెరవబోతే ప్రోగ్రామ్ మెల్లగా నడుస్తోందని మా బావ పులివెందులలో ఉన్న తన అన్నకొడుక్కి ఫోన్ చేశాడు. వాడిది కంప్యూటర్ల పనే. "మెమరీ తక్కువుండాది, రెండు పెట్టు చిన్నాయనా" అన్నాడట. ఈయన అంకె చెరిపి రెండు పెట్టాడు. రెండు ఏమిటని ఈయన అడగలేదు, వాడూ చెప్పలేదు. మా వైపు ఎవరడుగుతారు? ప్రొద్దుటూరు బంగారు అంగట్లో రెండంటే రెండు తులాలు. మగ్గం దగ్గర రెండంటే రెండు చీరల పడుగు. కొలత పలికితే ఎదుటివాడికి పని రాదని ఎత్తిపొడిచినట్టే. వాడి లెక్కలో అది జీబీలు. పక్క గడి మాత్రం నేను పెట్టిన ఎంబీల మీదే ఉంది.

తెర నల్లబడి అలాగే ఉండిపోయింది. మళ్లీ ఫోన్ చేస్తే, పాతది కదా, లోపలున్న అంచుతో సహా పోయుంటుంది, వదిలెయ్ అన్నాడట. పెళ్లిళ్ల కాలంలో మగ్గం ఊరికే ఉంటే ఎట్లా అని సావుకారు మనిషిని పంపాడు. కొన్నాళ్లు ఆగి, మా బావ అతుకుల దగ్గర పడుగు కోసేశాడు. పట్టు సావుకారుదే కాబట్టి వాళ్లు చుట్టుకుని తీసుకుపోయారు.

నేను బస్సు దిగి వెళ్లేసరికి మగ్గం మీద ఎర్ర పడుగుంది. జరిగినదంతా ఆయన మంచినీళ్లు ఇస్తూ చెప్పాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆ గడి చూశాను. రెండు. పక్కన ఎంబీ. దాన్ని మార్చాను. లోపలి యంత్రం లేచింది. అంచు తెరుచుకుంది. జొన్నకంకులు, మధ్యమధ్య పిట్టలు.

"పోలేదా?" అన్నాడు.

"పోలేదు."

"యాడుండాది ఇన్నాళ్లు?"

"ఈడనే."

ఆయన మగ్గం వైపు చూశాడు.

"నాకొక మాట చెప్పింటే అయిపోయేది గదప్పా" అన్నాను.

"కంటికి కట్టు కట్టుకోని పండుకున్నోన్ని ఏం లేపేదిలే అనుకుంటి బావా."

"కట్టు కంటికి గదా, చెవులకు కాదు గదా."

నవ్వబోయి ఆగిపోయాడు. బస్సులో చిల్లర దగ్గర కూడా గొంతెత్తే మనిషిని నేను. ఆ పూట గొంతు లేవలేదు. పట్టు మళ్లీ తెప్పించి ఎవరితోనైనా అతికిద్దామన్నాను.

"అతికేవాళ్లు శానామందుండారు. మీ చెల్లెలు అతికింది పాయె గదా. మూసెయ్ బావా."

మూయబోతే, మార్పులు దాచమంటావా అని ప్రోగ్రామ్ అడిగింది.

"ఏమన్నా మార్చినామా?" అన్నాడు.

"లేదు" అని, వద్దు అన్నచోట నొక్కాను.