మసక తెరంటే మండిపడే వెర్న్

మా వెర్న్ టోర్కెల్‌సన్‌కి తెర మీద బొమ్మ రవ్వంత మసగ్గా కనబడితే చాలు, ఒళ్ళు మండిపోతుంది. సరస్సు ఒడ్డునున్న మా దులూత్ ఊళ్ళో ఆయన చేత తిట్లు తినని తెర లేదు. మేనకోడలి పెళ్ళిలోనైతే చర్చి తెర మీద పాట మసగ్గా పడిందని మధ్యలో లేచి నిలబడి, "రిజల్యూషన్ ఎవడు పెట్టాడ్రా? వాడి కళ్ళు కాకులెత్తుకెళ్ళాయా?" అని అరిచాడు. పాస్టరుగారు ప్రార్థన ఆపాల్సి వచ్చింది.

రిటైరైన మేం నలుగురం మంగళవారం మధ్యాహ్నాలు లైబ్రరీలో ఓడ ఆట ఆడతాం. ఓడ ఒకటే, కంప్యూటర్లు నాలుగు. చుక్కాని నాది. ఇంజను వెర్న్‌ది. సరుకు ఆర్డిస్ చూసుకుంటుంది. మార్లిస్ నీటి లోతు చదివి చెబుతుంది. ఆవిడ ఇనప ఖనిజం మోసే ఓడల్లో ముప్పై ఏళ్ళు వంట చేసింది. భర్త పోయాక ఆవిడ ఇల్లు కదిలేది మంగళవారమే.

ఆటకి ముందు వెర్న్ నాలుగు కంప్యూటర్లనీ తనిఖీ చేయాల్సిందే.

"స్కేలింగ్ నూట యాభైలో పెట్టి చచ్చారు! సగం ఓడ తెర బయటే ఉంది!"

"కాఫీ చల్లారిపోతోంది వెర్న్," అంటాను నేను.

"చల్లారనీ! గుడ్డి తెర ముందు వేడి కాఫీ ఎందుకు?"

మొన్న వరసగా మూడు వారాలు మా ఓడ రాయెక్కింది. మార్లిస్ "ఇరవై ఎనిమిది అడుగులు" అనడం, అక్కడ ఇరవై మూడే ఉండడం. మూడోసారి నాకు తిక్క రేగింది.

"అంకెలు చదవడం కూడా రాదా తల్లీ? వచ్చే వారం నుంచి లోతు ఆర్డిస్ చూస్తుంది!"

మార్లిస్ మా కోసం తెచ్చిన నిమ్మకాయ బార్ల మిఠాయి డబ్బా మూత కూడా తీయకుండా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. వెర్న్ ఆవిడ కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు తీసి తెరకేసి చూశాడు.

"చీమ తలకాయంత అంకెలు! పెద్దవి చేసే మీట ఒక్కటి పెట్టలేదు, ఈ ఆట చేసిన దరిద్రుడు!"

తర్వాతి మంగళవారం ఆయనే కారేసుకెళ్ళి మార్లిస్‌ని తీసుకొచ్చాడు. నా తెర చూసి అదిరిపడ్డాను. బొమ్మంతా అలికేసినట్టుంది. అంకెలు మాత్రం గుమ్మడికాయలంత ఉన్నాయి. నాలుగు తెరలూ అంతే.

"వెర్న్! రిజల్యూషన్ ఇంత దించేశావేంటయ్యా?"

"ఆట కొత్తగా మారింది. ఇక ఇంతే."

"ఉండు, నేను సరిచేస్తా."

నా చేతి మీద ఫెడీమని ఒక్కటిచ్చాడు. "ముట్టుకున్నావో, సరస్సులో తోసేస్తా! మార్లిసే లోతు చదువుతుంది. నువ్వు నోరు మూసుకుని ఓడ నడుపు!"

అప్పటికిగానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఆవిడ ఒక్కదాని తెరే మార్చి ఉంటే ఆవిడ చూపు మందగించిన సంగతి అందరికీ తెలిసిపోయేది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"ఇరవై మూడు! ఎడమకి తిప్పవయ్యా, నిద్రపోతున్నావా?" అని గద్దించింది మార్లిస్. తిప్పాను. ఓడ గీత కూడా పడకుండా రేవు చేరింది.

వెర్న్ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏడుపు కాదు, ఆ మసక బొమ్మని గంటసేపు భరించినందుకు.

మార్లిస్ బార్ల డబ్బా మూత తీసి ముందు ఆయనకే అందించింది. "ఇవాళ బొమ్మ ఎంత బాగుందో! అద్దంలా లేదూ?"

"అద్దమే," అన్నాడు వెర్న్ పళ్ళు పటపటా కొరుకుతూ.