దొడ్లో గుచ్చిన చువ్వ

పెళ్ళయిన పన్నెండో ఏడు నుంచి నేను వానలు రాసిపెట్టుకుంటున్నాను. ఏ కార్తెలో ఎన్నో రోజు, ఏ వారం, పొద్దునా సాయంత్రమా, నేల ఎంత లోతు తడిసింది. లోతు కొలవడానికి ఒక ఇనుప చువ్వ ఉండేది. దాని మీద ఆకురాయితో అంగుళానికొక గీత పెట్టించాను. వాన వెలిసిన మరుసటి ఉదయం పళ్ళు తోముకోకముందే ఇంటి వెనక దొడ్లోకి పోయి చువ్వ గుచ్చేదాన్ని. అది సులువుగా దిగినంత మేర తడి. ఆగిన చోట గీతలు లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కించేదాన్ని. ఊళ్ళో లేని రోజుల్లో పడిన వానలకు సున్న పెట్టేదాన్ని కాదు, ఖాళీ వదిలేదాన్ని. సున్నకూ ఖాళీకీ ఉన్న తేడా నాకు తెలుసని గర్వంగా ఉండేది.

మాది గార్లదిన్నె దగ్గర మెట్టపొలాల ఊరు. బోర్లు ఎండిపోయాక వేరుశనగ వానకే పండాలి. నేలలో తడి పదును చూసి విత్తాక మళ్ళీ ఒక వాన పడితే మొక్క నిలుస్తుంది. పడకపోతే విత్తనం నేలలోనే పోతుంది. రెండోసారి వేయడానికి ఎవరి ఇంట్లోనూ విత్తనం ఉండదు. అందుకే తొలకరి పడిందంటే నలుగురైనా మా అరుగు మీదికి వచ్చి, పోయినేడు ఏ కార్తెలో విత్తాం, తర్వాత ఎన్నాళ్ళకు వాన పడింది అని అడిగేవాళ్ళు. నేను పుస్తకం తెరిచి చెప్పేదాన్ని.

"మా ఇంట్లో రేడియో ఉండాదప్పా. వానకు ముందే మోగతాది" అనేవాడు మా ఆయన.

"మోగనీ అన్నా. అక్క చెప్పినాంక మబ్బు గూడా మాట తప్పేకి భయపడతాది" అనేవాళ్ళు వచ్చినవాళ్ళు. నవ్వేదాన్ని కాదు గానీ లోపల సంతోషంగానే ఉండేది.

పదకొండేళ్ళ కిందట, పునర్వసు కార్తె మూడో రోజు, గురువారం సాయంత్రం వాన పడింది. శుక్రవారం ఉదయం చువ్వ తొమ్మిది గీతలు దిగింది. ఆ ఏడు అదే మొదటి మంచి వాన. పుస్తకంలో వెనక్కి పోయి చూశాను. పునర్వసులో ఇంత తడి అయిన ప్రతి ఏడూ పన్నెండు రోజుల లోపలే ఇంకో వాన ఉంది. మా చేనుకు విత్తే గొర్రు ఉన్న ట్రాక్టరు మాట్లాడమని మా ఆయనకు చెప్పాను.

మధ్యాహ్నానికి నా తోడికోడలు వచ్చింది. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. మా మరిది చనిపోయి అప్పటికి నాలుగేళ్ళు. గుట్ట పక్కనున్న మూడెకరాలు తనే చేసుకునేది. ఐదు మూటల కాయలు దాచుకుని, ఒక్కతే కూర్చుని పంతొమ్మిది రోజులు విత్తనం వలిచింది. బొటనవేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకునే ఉంది.

"అక్కా, నా చేన్లో మన్ను ముద్ద కట్టల్యా. పిడికిట్లో పడితే పొడిపొడి రాలతాండాది" అంది.

"తొమ్మిది గీతలు దిగింది మే" అన్నాను.

"యాడ దిగింది?"

"యాడైతే ఏమి? ఊరికంతా పడింది ఒకటే వాన కదా."

"నాదంతా గరుసు నేల గదక్కా, తడి నిలవదు. పై తడి మాదిరి ఉండాది. రెండ్రోజులు చూద్దునా?"

"చూడు. ట్రాక్టరు రేపొక్కరోజే ఈడ ఉంటాది. ఎల్లుండి వేరే ఊరికి పోతాది. తర్వాత పదును ఆరినాంక ఏడ్చుకుంటా కూర్చో."

"నువ్వు చెప్పినావంటే సరే" అని వెళ్ళిపోయింది. శనివారం ఆమె చేనూ మా చేనూ ఒకే ట్రాక్టరు విత్తింది.

పన్నెండు రోజులు గడిచాయి. పదిహేను గడిచాయి. పొద్దున లేస్తే గాలి, సాయంత్రమైతే తెల్లమబ్బు. మా చేను వాన నీళ్ళు పారే వంక పక్కన, పల్లంలో ఉంది కాబట్టి సగం మొక్కలు వాడిపోయి కూడా నిలబడ్డాయి. ఇరవయ్యో రోజు చువ్వ తీసుకుని తోడికోడలి చేనికి పోయాను. అన్నేళ్ళలో చువ్వ ఇల్లు దాటడం అదే మొదటిసారి. అక్కడ అది ఒక్క గీత కూడా దిగలేదు. సాళ్ళ వెంట వేళ్ళతో గీకి చూశాను. గింజలు అంగుళం మొలిచి ఆగిపోయి, నల్లగా ఎండిపోయి ఉన్నాయి. కొన్నింటిలో చీమలు పట్టి పై పొట్టు మాత్రమే మిగిలింది. మూడెకరాల్లో పచ్చగా కనబడింది గట్టు మీది తంగేడొక్కటే.

ఆమె అప్పటికే కూలికి పోవడం మొదలుపెట్టింది. నాతో మాట్లాడటం మానలేదు. దోవలో ఎదురైతే "తిన్నావాక్కా" అని అడిగేది. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

విత్తిన నలభై మూడో రోజు, మఖ కార్తెలో, పగటిపూట వాన దిగింది. నేను వెనక వాకిట్లో నిలబడి ఉన్నాను. మా రేకుల చూరు నీళ్ళన్నీ ధారగా పడి, దొడ్డి గోడ వారగా పారి, నేను ఎప్పుడూ చువ్వ గుచ్చే చోటికి చేరి నిలిచాయి. మా పాత మిద్దె తీసి రేకులు వేయించింది ఆ ఏడు వేసవిలోనే. రేకులు వేయకముందు కూడా ఆ నేలలో పేడా బూడిదా కలిసి మెత్తగా ఉండేది. చేనికి పోయి రావడానికి బద్ధకించి, దగ్గరని ఆ చోటు ఎంచుకున్నాను. అంకెలన్నీ నిజమే. అవి దొడ్డివి, చేనివి కావు. ఆ ఏడు తొమ్మిది గీతలైతే మా ఇంటి చూరు తడి.

వాన తగ్గకముందే కొంగు కప్పుకుని తోడికోడలి ఇంటికి పోయి చెప్పాను. ఏదీ దాచలేదు, చూరు సంగతీ బద్ధకం సంగతీ.

ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "నేను ఆ పొద్దే అడిగితిని గదక్కా, యాడ దిగిందని" అంది.

"అడిగినావు."

"అడిగినాను గానీ, నా చెయ్యి చెప్పేది ఇడిసిపెట్టి నీ మాట పట్టుకుంటిని. అది నా తప్పు. నీ తప్పు నీ దగ్గర పెట్టుకో."

మరుసటి రోజు మా ఇంట్లో విత్తనానికి ఉంచిన ఉలవలు తీసుకుపోయి ఆమె వాకిట్లో దించాను. వేరుశనగ పోయిన చేలో, ఆ కాలంలో వేయగలిగింది ఉలవే.

"ఈడ పెట్టిపో. ఎప్పుడు చల్లాల్నో మాత్రం చెప్పొద్దు" అంది.

చెప్పలేదు. ఆమె మూడు రోజులు ఆగింది. పదును ఆరిపోతోందని నా నాలుక దురద పెట్టింది. నాలుగో రోజు గుట్ట దిక్కు నుంచి ఇంకో జల్లు వచ్చింది. ఐదో రోజు చల్లింది. నాలుగు మూటల ఉలవలు వచ్చాయి. వేరుశనగ పోయిన లోటు దాంతో తీరేది కాదు. ఫిబ్రవరి దాకా ఆమె కూలికి పోతూనే ఉంది.

కష్టాలు పడ్డవాళ్ళకు తెలివి వస్తుందని వింటుంటాను. నా పొరపాటుకు కష్టపడింది ఆమె. తెలివి వచ్చింది నాకు. ఇది సమానం ఎట్లా అవుతుందో ఎన్ని విధాలుగా చూసినా నాకు తేలలేదు. ఇప్పుడు ఫోన్లో వాన సంగతి చూసుకుని మాట్లాడేవాళ్ళను నేనేమీ అనను. అంత ధీమాగా మాట్లాడినదాన్నే నేనూ.

మరుసటి ఏడు తొలకరి పడ్డప్పుడు ఆమె నన్ను అడగడానికి రాలేదు. నేనే ఆమె ఇంటికి పోయాను.

"మా చేను విత్తొచ్చునా మే?" అని అడిగాను.

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "నీ చేను సంగతి ఈడ కూర్చుంటే నాకెట్ల తెలుస్తాదక్కా? పా, పోదాం" అని చెప్పులేసుకుంది.