గోల్ బజార్‌లో లేని దుకాణం

బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కనున్న తెలుగమ్మాయి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతోంది. పెద్ద కంపెనీకి రాసిన రాజీనామా ఫోన్‌లో సిద్ధంగా ఉంది. ఇకమీదట నేసినవాళ్ళ పేరు అంచుమీద వేయించి కోసా పట్టుచీరలు అమ్ముతుందట, మిల్లు గుడ్డ ముట్టదట. తీరా పంపబోతే వేలు ఆడటం లేదు.

నా నోరు ఊరుకోదు కదా.

"అచ్ఛా, ఇంతేనా! నాను ముప్పయ్యో ఏటే రైల్వే నౌకరీ వదిలీసినాను. గోల్ బజార్‌లో బోర్డులు రాసే దుకాణం పెట్టీసినాను. నా అచ్చరాలు చూడ్డానికి జనం ఆగిపోయీవోరు. ఏటి బయం?"

ఆమె నన్నే కాసేపు చూసి, పంపేసింది.

ఆమె రైలు వచ్చాక పెట్టె అందిస్తూ ఒప్పేసుకున్నాను.

"అబద్ధమాడినానమ్మా. దుకాణమూ లేదు, ఏటీ లేదు. రైలింజన్ల షెడ్‌లోనే రిటైరయినాను."

"అరే, తెలుసు తాతగారూ! మాదీ రైల్వే క్వార్టరే. మీ చేతిలో ఉన్నది రిటైరైనవాళ్ళ పాసు. ముప్పయ్యో ఏట మానేసినవాళ్ళకి అది ఎవరిస్తారు?"

"మరెందుకు పంపీసినావు?"

"ఆ దుకాణం గురించి చెప్తున్నప్పుడు మీ మొహం చూశాను. ముసలయ్యాక నేనూ అలా చెప్పుకోకూడదనిపించింది."