కొలబద్ద చూసే తమ్ముడు

ముప్పై ఏళ్లుగా వంతెన కింద కొలబద్ద చూసి నది నీటిమట్టం రాయడమే ఆయన ఉద్యోగం. ఏడు మీటర్లు దాటితేగానీ ఎగువన అక్క ఉండే వీధిలోకి నీళ్లు రావని ఆయనకు కంఠతా వచ్చు.

నిరుడు ఆ వీధికీ వంతెనకూ మధ్య తెప్పల ఆటలకు పార్కు కట్టారు. నీళ్లు ఎగిరిపడాలని బండరాళ్లు పేర్చి నదిని సగానికి ఇరుకు చేశారు. ఒడ్డున చెట్లన్నీ కొట్టేశారు.

"వరదొస్తే నీళ్లు ఎటు పోతాయండీ?" అని ఆయన అడిగితే, "అవన్నీ లెక్కలేశాం లెండి" అని ఇంజినీరు నవ్వాడు.

ఈ వానాకాలం ఓ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, నీళ్ల చప్పుడు గట్టిగా వినిపిస్తోందిరా. పక్కింటి మేడెక్కనా? మోకాళ్లు చూస్తే ఇలా ఉన్నాయి."

"ఐదే ఉందక్కా. నువ్వు కదలకు."

రాళ్ల దగ్గర ఆగిన వరద వెనక్కి తన్ని గంటలో వీధిని ముంచేసింది. వంతెన దగ్గర మాత్రం ఐదు దాటలేదు. సాయంత్రానికి అక్క మంచం పక్కనే దొరికింది.

విచారణకు వచ్చినవాళ్లు ఆయన పుస్తకం తిరగేసి, అంకెలో తప్పేం లేదన్నారు.

"తప్పు లేకపోతే మా అక్క ఏదండీ?" అని ఆయన బావురుమన్నాడు.

ఇప్పుడు ఆ వీధి నుంచి ఎవరు ఫోన్ చేసినా, కొలబద్ద వైపు చూడకుండానే "వెళ్లిపోండి" అంటాడు.