రెండు చీటీల మీదా ఒకే పేరు

ఇన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోయలేక చెప్పడం లేదు, నేనంత నాజూకు మనిషిని కాను. ఇక మోసే హక్కు నాకు లేదని తెలిసి చెబుతున్నాను. మీరు వినండి చాలు, ఓదార్చకండి.

అల్వాల్‌లో మాది సహకార సంఘం కాలనీ. నేను రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ని, ముక్కుసూటి మనిషినని పేరు. అందుకే కొన్నేళ్ళ కిందట సంఘం అధ్యక్షుడి ఎన్నిక నడిపే బాధ్యత నాకే ఇచ్చారు. పోటీలో ఇద్దరు. ఆఫీసరుగా చేసిన డేనియల్ గారు ఒకరు, బస్సు డ్రైవరుగా చేసిన అంజయ్య ఇంకొకరు. ఓట్లు సమానంగా వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. అలాంటప్పుడు చీటీ తీసి తేల్చాలంటుంది చట్టం.

చీటీలు రాసింది నేనే. రెండింటి మీదా డేనియల్ గారి పేరే రాశాను.

ఎందుకు? కాలనీ మంచికేనని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. ఒట్టి మాట. అంతకు ముందు ఒక మీటింగులో అంజయ్య నాతో, ఇది మీ క్లాసు కాదు, జెర కూసోండి అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు అరగలేదు. పిల్లలకు అన్ని నీతులు చెప్పినదాన్ని, అంత చిన్న మాటకు ఇంత పని చేశానా అని ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా జవాబు ఒక్కటే. చేశాను.

పైగా ఎవరికీ అనుమానం రాకూడదని, మీ చేత్తోనే తీయండి అని అంజయ్యకే చెప్పాను. ఆయన చీటీ తీసి, కళ్ళకద్దుకుని, విప్పి, ఎదుటివాడి పేరు తనే చదివాడు. రెండోది చూపించమని ఎవరూ అడగలేదు. నేనంటే అంత నమ్మకం. ఆ రెండో చీటీని ఇంటికి తెచ్చి స్టవ్ మీద కాల్చేశాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ అంజయ్యది మంచి చెయ్యి అని కాలనీలో పేరుండేది. ఎవరు దుకాణం పెట్టినా బోణీ ఆయనదే, బోరు వేస్తే కొబ్బరికాయ ఆయనదే. తన గెలుపునే తీసుకోలేని చెయ్యి మనకేం కలిసొస్తుందని జనం గొణగడం మొదలుపెట్టారు. మెల్లగా పిలవడం మానేశారు. డేనియల్ గారు పదవిలో బాగానే పనిచేశారు. దానితో నా తప్పు ఒక్క పిసరు కూడా తగ్గదు.

మొన్న అంజయ్య కూతురు ఏ.ఎస్. రావు నగర్‌లో బట్టల కొట్టు తెరిచింది. నన్నూ పిలిచింది. బోణీ చెయ్యమని ఆ పిల్ల తండ్రిని బతిమాలితే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నావైపు తిరిగాడు.

"టీచరమ్మా, మీరే చెయ్యుండ్రి. మీ చెయ్యి మంచిది."

"కన్నతండ్రి మీరుండగా నేనెందుకు అంజయ్యా?"

"నా చెయ్యి సంగతి మీకు తెల్వదా? మీ ముంగటనే గద నన్ను ఓడగొట్టింది. బిడ్డ దుకాణంల సుత అదే చెయ్యి పెట్టాల్నా?"

నేను బోణీ చేశాను. చీర కొని, నవ్వి, ఇంటికొచ్చాను. ఛీ, ఏం మనిషిని నేను!

నిన్న పొద్దున ఆయనింటికి వెళ్ళి గడపలో నిలబడే చెప్పేశాను. మీ చేతిలో ఏ దోషమూ లేదు, రెండు చీటీల మీదా ఒకే పేరు రాసింది నేను అన్నాను. ఆయన అరచెయ్యి చాలాసేపు చూసుకున్నాడు. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు, నేను అడగనూ లేదు. చెప్పులేసుకుని, నన్ను దాటుకుని, కూతురి కొట్టుకు బయల్దేరాడు.

ఇక కాలనీ అందరికీ చెప్పాలి. చెబుతాను. ఆయనకు చెప్పాక నాకు తేలికైంది. అలా కావడం న్యాయం కాదేమో, కానీ అయింది.