సున్నం ఆరేదాకా

సున్నపురాళ్ళ మీద నీళ్ళు పోస్తే వచ్చే వాసన మీకు తెలుసో లేదో. ఇప్పుడన్నీ డబ్బాల్లో రంగులొచ్చాయి కాబట్టి చాలామందికి తెలిసి ఉండదు. ముందు బుస్సుమంటుంది, తర్వాత కుతకుతా ఉడుకుతుంది, ఆపైన వేడి ఆవిరితో పాటు ముక్కు మండించే వాసనొకటి లేస్తుంది. ఈ ఉదయం కుప్పంలో సమాధుల పండుగ. క్రైస్తవుల సమాధుల తోటలో ఎవరి సమాధి దగ్గర వాళ్ళు రేకుడబ్బాల్లో సున్నం తడుపుతున్నారు. నేనూ నా డబ్బాలో నీళ్ళు పోశాను. ఆవిరి ముఖానికి కొట్టగానే కళ్ళు నిండిపోయాయి. పక్క సమాధి కడుగుతున్న ఆమె, "సున్నం ఘాటు ఎక్కువమ్మా, అంత దగ్గరగా వంగొద్దు" అంది. నేను తలూపి అలాగే వంగి నిలబడ్డాను. ఆ డబ్బా జీవరత్నం సార్‌ది. దాని ముందు ఎన్నోసార్లు వంగినదాన్ని, ఇవాళ కొత్తగా దూరం జరిగేదేముంది?

జీవరత్నం సార్ మదనపల్లెలో లేఅవుట్లు వేసేవాళ్ళ సంఘానికి చాలాకాలం అధ్యక్షుడు. రియల్ ఎస్టేట్ అనగానే మీరు ఒకసారి జేబు తడుముకుని ఉంటారు. తప్పు మీది కాదు. నేను పెద్దమండ్యం నుంచి డిగ్రీ పట్టుకుని ఆ ఆఫీసులో టైపిస్టు పనికి చేరేటప్పుడు మా నాయన కూడా, "చేలకు రాళ్ళు పాతి అమ్ముకునేటోళ్ళ దగ్గర నీకేం పని మే?" అని చెనక్కాయలు వలుస్తూ తిట్టాడు. సార్ చూడటానికి బడిపంతులులా ఉండేవాడు. తెల్లచొక్కా, పాత స్కూటరు, స్కూటరు ముందు కాళ్ళ దగ్గర సున్నం డబ్బా, అందులో అరిగిపోయిన కుంచె. పుంగనూరులో ఇల్లు. భార్య సుగుణమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి మానుకున్న మనిషి. ఆయన క్యారియరులో నాకని ఒక గిన్నె ఎక్కువ పెట్టి పంపేది. రాగిసంగటీ, ఊరుబిండి పచ్చడీ. "ఆ పాప ఆకలికి తప్పుల్లేకుండా టైపు కొట్టలేదు" అని చెప్పిందట.

నేను చేరగానే నాకప్పగించిన పని అభివృద్ధి రుసుము మీద అర్జీ. కొత్తగా ప్లాటు వేసినా, ఇల్లు కట్టినా మునిసిపాలిటీ వాళ్ళు రోడ్లకీ కాలవలకీ అని వసూలు చేసే రుసుము అది. అది పెంచారని సంఘంలో అందరూ మండిపడుతున్నారు. 'తమరు దయతో పరిశీలించి' అంటూ నాకొచ్చిన పెద్దపెద్ద మాటలన్నీ కుక్కి రెండు పేజీలు కొట్టి మురిసిపోతూ ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, అద్దాలు తీసి, "బాగుందమ్మా. ఆ లేఅవుట్ నువ్వు సూసినావా?" అన్నాడు. లేదన్నాను. "సూడని దాని గురించి ఇంత ఏడిసినావే, సూస్తే ఇంకెంత ఏడుస్తావో, రా" అని స్కూటరెక్కించుకుని వాల్మీకిపురం దారిలో ఉన్న ఒక వెంచర్‌కి తీసుకుపోయాడు. అక్కడ ఇళ్ళున్నాయి గానీ కాలవ లేదు. ఒక ముసలామె వంటింటి నీళ్ళు బకెట్టుతో ఎత్తి పక్క ఖాళీ ప్లాటులో పోస్తోంది. ఆ ప్లాటు ఎవరిదో వాళ్ళు రాగానే జగడమట. "రోజూ ఇదే సాకిరీ నాయనా. కట్టించుకున్న దుడ్డు యాడ పోయిందో ఎవురికి తెలుసు" అంది ఆమె.

ఆ మర్నాడు కమిషనర్ గారి గదిలో సంఘం పెద్దలంతా తగ్గించాలి, తగ్గించాలి అని గొంతు చించుకుంటుంటే సార్ ఒక్కడే, "తగ్గించమని నేనడగను సార్. ఈడ కట్టించుకున్నది ఈడే పెట్టండి. కాలవ తీసి, రోడ్డేసి, అప్పుడు ఎంతని అడగండి, నోరు మూసుకుని కడతాం" అన్నాడు. బయటికి రాగానే మావాళ్ళు ఆయన్ని తినేసినంత పని చేశారు. ఉపాధ్యక్షుడు రెడ్డెప్ప అయితే, "నువ్వు మా తరపునా, వాళ్ళ తరపునా అప్పా?" అని వీధిలోనే నిలదీశాడు. సార్ నవ్వి, "ఆ ముసలామె తరపున పోతే మన ప్లాట్లూ అమ్ముడుపోతాయి లేప్పా" అని స్కూటరు స్టార్టు చేశాడు. రుసుము తగ్గలేదు. కాలవ మాత్రం వచ్చింది.

తర్వాత ఆయన చేపట్టింది రోడ్డు. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా రోడ్డు వెడల్పు చేయాలని. టమోటా లారీ ఎదురొస్తే బస్సు మట్టిలోకి దిగాల్సిందే. ఆయన అబద్ధం ఆడేవాడు కాదు. "రోడ్డు పడితే మన ప్లాట్లకు గిరాకీ, యాల దాచేది? దాంతో పాటు లారీ కింద పడే పిల్లోళ్ళు కూడా బతుకుతారు" అనేవాడు. ఆ అర్జీకోసం ఆయన పని చేసే పద్ధతి చూసి నేను మొదట నవ్వుకున్నాను. ఎవరైనా పటం మీద గీతలు గీస్తారు. ఈయన డబ్బా, తాడు పట్టుకుని వెడల్పు కొలిచి, రోడ్డు ఎంతదాకా వస్తుందో అంతదాకా జనం అరుగుల మీద, గడపల మీద సున్నంతో గీత గీసేవాడు. గీసి వెళ్ళిపోడు. ఆ ఇంటి ముందే చతికిలబడి కూర్చునేవాడు. తడిమీద సున్నం కనపడదు, ఆరితేనే తెల్లగా తేలుతుంది. ఆరేలోపల ఆ ఇంటివాళ్ళు తిట్టాల్సింది తిట్టేవారు, ఏడవాల్సింది ఏడ్చేవారు, చివరికి మంచినీళ్ళిచ్చేవారు. "గీత తెల్లగా కనపడినాక కూడా ఇది కావల్ల అని మన నోటికి వస్తేనే సంతకం పెట్టల్ల సరళమ్మా. సున్నం ఆరేదాకా ఉండల్ల" అని నాకు చెప్పాడు. ఎండకు మాడి మసైపోతూ, 'ఇదేం చాదస్తం దేవుడా' అని లోపల గొణుక్కుంటూ నేనూ కూర్చునేదాన్ని.

ఆ పని నడుస్తుండగానే సుగుణమ్మ గుండెపోటుతో పోయింది. పుంగనూరులో రోడ్డు పక్క సమాధుల తోటలో, గోడను ఆనుకున్న ముందు వరసలో పెట్టారు. రాతి మీద 'ప్రభువునందు నిద్రించినది' అని చెక్కించాడు. సార్ రోజూ మదనపల్లెకి వచ్చేటప్పుడు అక్కడ స్కూటరు ఆపి, "పోయొస్తా సుగుణా" అని చెప్పి వచ్చేవాడని ఎదురుగా టిఫిన్ హోటలు నడిపే గంగులమ్మ నాకు చెప్పింది.

అలా కొన్నేళ్ళు గడిచాక మా గీత పుంగనూరు చేరింది. ఆ రోజు గంగులమ్మ హోటలు ముందు సున్నం గీత గీస్తే అది సరిగ్గా ఆమె పొయ్యి మీదుగా పోయింది. ఆమె నోరు మామూలు నోరు కాదు. గరిటె పట్టుకుని రోడ్డు మీదికొచ్చి, అందరూ వింటుండగా, "నా పొయ్యి తీస్తారా సార్? తీయండి. ఇటుపక్క అందురి కొంపలూ తీస్తారు. అటుపక్క మీ ఇంటామె సమాధి కాడికి వచ్చేసరికి మాత్రం రోడ్డు వంకర తిరిగిపోతాది. మాకు తెలీదా?" అంది. సార్ ముఖం మాడిపోయింది. తాడు పట్టుకో అని నాకు సైగ చేసి, రోడ్డు దాటి, అటువైపు కొలిచాడు. కొలిచిన చోట తాడు సుగుణమ్మ రాతి నడుమ మీద పడింది. ఆయన కుంచె ముంచి, ఆ రాతి మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశాడు. నేను అలవాటు కొద్దీ కూర్చోబోయాను. ఆయన కూర్చోలేదు. "పదమ్మా, అయ్యగారితో మాట్లాడి వద్దాం" అని పాస్టరు గారింటికి నడిచాడు.

సర్వే రాళ్ళు పాతలేదు, ప్రభుత్వం కాగితం రాలేదు, ఇంకా ఎవరూ ఏదీ తేల్చలేదు. "కాస్త ఆగండి సార్, నోటీసొచ్చినాక సూద్దాం" అని ఎన్నోవిధాల చెప్పాను. "ఇంకొకరి పొయ్యి తీయమనేవాడు ముందు తనది తీయల్లమ్మా" అన్నాడు. ఆ వారంలోనే పాస్టరు గారు ప్రార్థన చేశారు, సమాధి తవ్వారు. సుగుణమ్మను పుట్టినూరు కుప్పానికి తీసుకుపోయి వాళ్ళమ్మ పక్కన పెట్టాలని నిర్ణయం. ఎముకలు పెట్టిన పెట్టె ఇంత చిన్నదా అని నాకు గుండె చెరువైంది. నాకు గిన్నె నిండా సంగటి పెట్టిన మనిషి. సార్ ఆ పెట్టెను ఎవరికీ ఇవ్వకుండా వ్యానులో తన ఒడిలో పెట్టుకున్నాడు. గుంతలు పడ్డ రోడ్డు. పలమనేరు దాటాక ఒకచోట బండి ఎగిరిపడింది. ఆయన డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, "నిదానంగా పోనీ అప్పా. సుగుణకు కుదుపులు పడవు" అన్నాడు. డ్రైవరు కుప్పం దాకా మళ్ళీ గేరు మార్చినట్టు గుర్తులేదు నాకు. నేను కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మేము తిరిగొచ్చేసరికి గంగులమ్మ హోటలు ముందు రేకులు తనే విప్పించి, పొయ్యి తనే పడగొట్టేసింది. "ఆయప్ప పెండ్లాన్నే లేపి తీసకపోయినాడు. నా పొయ్యి ఏపాటి?" అని వీధంతా వినపడేట్టు చెప్పిందట. దాంతో ఒక్కొక్కరే వచ్చి ఒప్పుకుంటూ సంతకాలు చేశారు. ఆ అర్జీ చేరాల్సిన చోటికి చేరింది. రోడ్డూ మంజూరైంది. కానీ ఊళ్ళోంచి కాదు. ఊరికి దూరంగా, చేలలోంచి, బైపాసుగా.

సంఘం ఆఫీసులో మైసూర్‌పాక్ పంచారు. ఆ బైపాసు దారంతా రెడ్డెప్పవీ, మరి ఇద్దరు ముగ్గురు పెద్దలవీ భూములు. వాళ్ళు విడిగా ఇంకో అర్జీ ఇచ్చారని ఆ రోజే బయటపడింది. నా నోరు నాకు ఆగదు. "రెడ్డెప్పన్నా, ఆ అర్జీ ఎప్పుడిచ్చినావు?" అని అడిగాను. "యాపారం గదమ్మా, అందురూ బాగుపడేదే" అన్నాడు. "అది కాదు నేనడిగింది. సమాధి తవ్వేనాటికే ఇచ్చినావా, లేదా?" రెడ్డెప్ప చేతిలో ముక్క మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. సిగ్గు లేదా మీకు, ఒక్కరైనా ఆయన చెవిన వేయకూడదా అని అరిచాను. సార్ లేచి నా భుజం తట్టి, "రోడ్డు అడిగినాం, రోడ్డొచ్చింది. ఊరుకో తల్లీ" అని బయటికి నడిచాడు. మెట్ల మీద రెండడుగులు దిగాక గోడ పట్టుకుని కూలబడ్డాడు. పరుగున పోయి పట్టుకున్నాను. "సుగుణను ఊరికే లేపినాను సరళమ్మా. సున్నం ఆరేదాకా ఉండమని ఊరందరికీ చెప్పినోణ్ణి, నేనే ఉండలేకపోతిని" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

ఆ తర్వాత అధ్యక్ష పదవి వదిలేశాడు. తన ఇంటి ముందరి రేకులు విప్పించి గంగులమ్మ హోటలుకు వేయించాడు. ఆమె వద్దంటే వినలేదు. నేను చూడ్డానికి పోయినప్పుడల్లా ఆ హోటలు బెంచీ మీద కూర్చుని రోడ్డుకు అవతల, గోడ పక్కన పూడ్చిన ఖాళీ చోటు వైపు చూస్తుండేవాడు. "టీ సల్లారిపోతాంది సార్" అని గంగులమ్మ గదమాయించేది. ఆయన చల్లారిన టీనే తాగేవాడు. మనిషి అలాగే కొద్దికొద్దిగా తగ్గిపోయి, ఒక వానాకాలం పోయాడు. సుగుణమ్మ పక్కన పెట్టమని పాస్టరు గారికి ముందే చెప్పి ఉన్నాడు. వ్యాను కొత్త బైపాసు మీదుగా పోయింది. గంగులమ్మ, నేను పెట్టె పక్కన కూర్చున్నాం. ఆ దారి పొడుగునా ఒక్క కుదుపు లేదు. గంగులమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఎంత మెత్తగా పోతాండాదో సూడు మే. ఆయమ్మ వచ్చేటప్పుడు ఇది లేకపోయె గదా" అని భోరుమంది.

ఇప్పుడు ఆ సంఘానికి కార్యదర్శిని నేనే. నా వెనకాల సున్నం డబ్బా సరళమ్మ అని నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ. గీత గీసి, ఆరేదాకా ఆ గడప ముందు కూర్చోకుండా నేను ఏ అర్జీ మీదా సంతకం పెట్టను. మా కుర్రవాళ్ళు ఫోన్‌లో పటం చూపించి చాలు కదక్కా అంటారు. పటంలో పొయ్యి కనపడదు, సమాధి మీద పేరు కనపడదు. అదంతా వాళ్ళకు చెప్పే ఓపిక నాకు లేదు, డబ్బా చేతికిచ్చి పదమంటాను.

ఈ ఉదయం రెండు సమాధులూ కడిగి, ఇద్దరికీ సున్నం కొట్టి కుంచె కింద పెట్టానో లేదో రెడ్డెప్ప ఫోన్. ఊరి చుట్టూ ఇంకో కొత్త రోడ్డు కావాలని అర్జీ తయారైందట, నా సంతకం ఒక్కటే తక్కువట. "కుప్పంలో ఉండావంట గదా? సాయంత్రానికి వస్తావా? ఎంతసేపు పడతాది నీకు?" అన్నాడు. నేను సమాధుల వైపు చూశాను. తడి సున్నం కింద ఇంకా బూడిదరంగు రాయే కనిపిస్తోంది.

"ఆరేదాకా ఉండి వస్తానన్నా" అన్నాను.

ఫోన్ పెట్టేసి, ఇద్దరి మధ్య ఉన్న కాస్త చోటులో కూర్చున్నాను. ముందు సుగుణమ్మ వైపు తెల్లబడటం మొదలైంది.