గంగమ్మ నోటితో తిట్టిన తిట్లు

మా తమ్ముడి తల పగలగొట్టినవాడు మా వీధివాడే. నీళ్ల ట్యాంకరు దగ్గర గొట్టం ముందు ఎవరు పట్టుకోవాలన్న పాపిష్టి తగాదా అది. ఇనుపరాడ్డుతో ఒక్కటే దెబ్బ. చెవి వెనక ఎముక లోపలికి పోయింది. నేను వెళ్లేసరికి నెత్తురూ నీళ్లూ కలిసి కాలవలోకి పారుతున్నాయి. పక్కన ఆడవాళ్లు బిందెలు పట్టుకుంటూనే ఉన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి నాకు.

ఆసుపత్రిలో తలకు ఆపరేషన్ చేసి, ప్రాణానికి భయం లేదన్నారు. తెలివి ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేమని ఇంటికి పంపేశారు. కొండమీద హోటల్లో పరుగులు పెడుతూ వడ్డించే మనిషి, ముక్కులో గొట్టంతో మంచాన కట్టెలా పడ్డాడు. కళ్లు తెరిచే ఉండేవి, చూపు ఉండేది కాదు. కొట్టినవాడేమో బెయిలు మీద బయటికొచ్చి, మా గుమ్మం ముందునుంచే ఆటో నడుపుకుంటూ పోయేవాడు.

అమ్మ రోజూ పొద్దున్నే తమ్ముడి ఒళ్లు తుడిచి, "ఆయమ్మ సూసుకుంటాది" అనేది. ఆయమ్మంటే మా ఊరి గంగమ్మ. ఆ మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్లు మండేది.

"ఏం సూసుకుంటాది? కండ్లుండాయా ఆమెకు? వాడు ఆటో తోలుకుంటాండాడు, వీడు ఈడ కుళ్లిపోతాండాడు" అని ఒకరోజు గంజి గిన్నె గోడకేసి కొట్టాను.

అమ్మ గోడ తుడుస్తూ అంది: "దేవుడంటే అడగంగానే తెచ్చి పెట్టే హోటలనుకున్నావా? కాసుకోవాల నాయనా. నేను కాసుకోని లేనా?"

"నాకంత ఓపిక లేదు."

"లేకుంటే ఆయమ్మనే తిట్టు. మనిసి మీద మాత్రం సెయ్యెత్తొద్దు."

దేవతను తిట్టమనడం తిరుపతివాళ్లకు వింత కాదు. గంగమ్మ జాతరలో మగవాళ్లం వేషాలు కట్టి వీధివీధీ తిరిగి బూతులు తిడతాం. వేషం కట్టినవాడు మనిషి కాడు, గంగమ్మే. వాడు తిట్టినా దీవెనే, వేపమండతో కొట్టినా దీవెనే. ఎవరూ ఎదురు చెప్పకూడదు. బండవేషంలో ఒళ్లంతా కుంకుమ పూసుకుంటే కన్నతల్లి కూడా ఆనవాలు పట్టలేదు. సరిగ్గా అక్కడే నా బుర్రలో పురుగు తొలిచింది. ఆ ఏడు జాతరకు బండవేషం కట్టాను. వేపమండల మధ్య ఇనుపరాడ్డు పెట్టి బిగించి కట్టాను. వాడు ఏ దెబ్బ కొట్టాడో, ఆ దెబ్బే వాడికి తగలాలి. దేవుడి మీద భారం వేసి కూర్చోవడం ఇక నావల్ల కాదనిపించింది.

ఎండ నిప్పులు చెరుగుతుండగా వాడి వాకిట్లో నిలబడి తిట్లు లంకించుకున్నాను. వాడి వంశాన్ని తిట్టాను, వాడి చేతుల్ని తిట్టాను, వాడు తాగిన చనుబాలను కూడా వదల్లేదు. మొక్కుబడి తిట్లు కావవి, నా కడుపులోవి. వాడు చెంబుతో పసుపునీళ్లు తెచ్చి నా కాళ్ల మీద పోసి, అక్కడే మోకాళ్ల మీద కూలబడి తల వంచాడు. ఆ మెడ చూడగానే నా చేతులు ఆగలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. చొక్కా చిరిగి నెత్తురు చిమ్మింది. ఇరుగుపొరుగు గోవిందా అంటూ చేతులు జోడించారు. వాడు కదల్లేదు. రెండో దెబ్బ తలకేనని ఎత్తాను.

"కొట్టు తల్లీ, ఇంకా కొట్టు" అన్నాడు, ఏడుస్తూ. "నా సేతులు పడిపోయినా సరే. నేను కొట్టిన పిల్లోడు లేసి కూసోవాల. వాళ్లమ్మ మొగం నేను సూడలేకుండా ఉండాను. లేస్తాడని ఒక్క మాట సెప్పు తల్లీ."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. అడిగినవాడికి మాట చెప్పకుండా వేషం కదలకూడదు, అది కట్టుబాటు. 'లేవడు' అంటే చాలు, వాడు బతికినన్నాళ్లూ కుమిలి చస్తాడు. రాడ్డు దెబ్బ కంటే అదే గట్టి దెబ్బ. నోటిదాకా వచ్చింది. కానీ ఆ నోరు ఆ పూట నాది కాదు. గంగమ్మ నోటితో 'లేవడు' అంటే, నా తమ్ముణ్ణి నేనే పాడెక్కించినట్టు. వీధి వీధంతా నా మాట కోసం చూస్తోంది. కుంకుమ చెమటకు కరిగి కళ్లలోకి కారుతోంది.

"లేస్తాడు పో" అన్నాను. తమ్ముడి మంచం పక్కన ఒక్కసారి కూడా నోట రాని మాట అది.

ఇంటికొచ్చి వాకిట్లో కూలబడ్డాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "తిట్టొచ్చినావా?"

"తిట్టినాను."

"ఏమనింది ఆయమ్మ?"

"లేస్తాడంట" అని భోరున ఏడ్చాను. అమ్మ తల నిమరలేదు, ఓదార్చలేదు. స్నానానికి నీళ్లు తోడింది.

తమ్ముడు ఇంకా లేవలేదు. ఈమధ్య వేలు పట్టుకుంటే తిరిగి పట్టుకుంటున్నాడు, అంతే. ఆ కొట్టినవాడు అప్పుడప్పుడు మా ఇంటి మెట్టు దగ్గరకొచ్చి, తల దించుకుని, "లేసినాడా అప్పా?" అని అడుగుతాడు. ఆ వేషం ఎవరు కట్టారో వాడికి తెలుసో లేదో నాకు తెలియదు. వాడంటే నాకిప్పటికీ చంపేద్దామన్నంత కోపం. అయినా "లేస్తాడు పో" అనే అంటాను. అది నా మాటే అయ్యుంటే, ఎప్పుడో వెనక్కి తీసుకునేవాణ్ణి.